జ్వరం ఎన్నో రోజు?

కుందూ ఒడ్డున నల్లరేగడి తడి ఆరీ ఆరకముందే కడప జిల్లా పెద్దముడియం చేలల్లో శనగ విత్తుతారు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే ఆ రోజుల్లో గట్ల మీద గడ్డి ఏపుగా ఉంటుంది. బీళ్లలో కంపచెట్లు కమ్ముకొని ఉంటాయి. జ్వరాలు వచ్చేదీ అప్పుడే. మొదటి రెండు రోజులు బిళ్లలతో గడిచిపోతాయి. మూడో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. అప్పటికీ తగ్గకపోతే ప్రొద్దుటూరు పోయి రక్తం చూపించుకొని రమ్మంటారు ఇంటివాళ్లు. ల్యాబులో మలేరియా లేదంటారు, డెంగీ లేదంటారు, టైఫాయిడ్ మాత్రం ‘కొంచెం ఉంది’ అంటారు. చేతికి మూడు కాగితాలు వస్తాయి గానీ ఒంట్లో జ్వరం అలాగే ఉంటుంది.

చాలాసార్లు ఆ కాగితాల్లో కనిపించని పేరు స్క్రబ్ టైఫస్. 2025 చివర్లో విజయనగరం జిల్లాలో ఒక మహిళ మరణంతో రాష్ట్రమంతా ఈ పేరు వినబడింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన కేసులు వెయ్యి దాటాయి. చిత్తూరు జిల్లాలో ఎక్కువగా కనిపించాయి, కడప జిల్లా కూడా ఆ జాబితాలో ఉంది. అయితే ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో సైనికుల ప్రాణాలు తీసింది ఇదే. మనకు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ వైద్యులు పాతికేళ్లుగా దీని గురించి రాస్తూనే ఉన్నారు. జబ్బు ఎప్పటి నుంచో ఉంది, దాన్ని పట్టుకునే పరీక్షే సరైన వేళకు అందడం లేదు.

కారణం ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా. గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే పురుగు కుట్టినప్పుడు ఒంట్లోకి వస్తుంది. నల్లి జాతి పురుగు పిల్లదశే ఈ చిగ్గర్. అది కంటికి ఆనదు, కుట్టినట్టు కూడా తెలియదు. వారం పది రోజులు గడిచాక జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, లివర్ పరీక్షల్లో తేడా కనిపిస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గాయి అనగానే ఇంటిల్లిపాదికీ డెంగీయే గుర్తొస్తుంది. మనిషి నుంచి మనిషికి మాత్రం ఇది అంటదు.

ఇలాంటి తికమక అమెరికాకూ తప్పలేదు. 1975లో కనెటికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊళ్లో పిల్లలకు వరసగా కీళ్లవాపులు వస్తుంటే, పాలీ మరే అనే తల్లి ఊరుకోకుండా ఆరోగ్యశాఖను అడుగుతూ పోయింది. యేల్ వైద్యుడు అలెన్ స్టీర్ బృందం దాని వెంట పడింది. పిడుదు కాటుతో వచ్చే బ్యాక్టీరియా వల్ల అని విలీ బర్గ్‌డార్ఫర్ 1980ల మొదట్లో కనిపెట్టాడు. ఆ లైమ్ జబ్బుకు అక్కడ రెండంచెల రక్తపరీక్ష చేస్తారు. మొదటిదాంట్లో పాజిటివ్ వస్తేనో, అనుమానంగా ఉంటేనో రెండో పరీక్షతో నిర్ధారిస్తారు. అయినా మొదటి వారాల్లో రక్తం తీస్తే ఫలితం నెగెటివ్ రావడం మామూలే. పిడుదులున్న ప్రాంతంలో తిరిగిన మనిషి చర్మం మీద గుండ్రంగా విస్తరించే ఎర్రమచ్చ కనిపిస్తే, రక్తం సంగతి చూడకుండానే అక్కడి వైద్యులు మందు మొదలుపెడతారు.

స్క్రబ్ టైఫస్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా చేసే ఐజీఎం ఎలైసా పరీక్ష నేరుగా క్రిమిని వెతకదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలను వెతుకుతుంది. అవి తయారవడానికే ఐదారు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. జ్వరం వచ్చిన రెండో రోజున పరీక్ష చేయించుకొని ‘లేదు’ అనిపించుకుంటే, జబ్బు లేనట్టు కాదు. ఆ తొలి రోజుల్లో క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ మేలు, కానీ అది పెద్ద ల్యాబుల్లోనే సాధ్యం. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒకసారి పుట్టిన ఐజీఎం నెలల తరబడి రక్తంలో ఉండిపోవచ్చు. పోయిన ఏడు వచ్చి తగ్గిన జబ్బు ఈ ఏటి జ్వరంగా కాగితం మీద కనిపించే ప్రమాదం ఉంది. అనుమానం తీరాలంటే రెండు వారాల ఎడంతో మళ్లీ రక్తం తీసి, యాంటీబాడీలు నాలుగింతలు పెరిగాయా అని చూడాలి.

వైల్-ఫెలిక్స్ అని ఒక పాత పరీక్ష ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలం నాటిది. ఓరియెన్షియాతో సంబంధమే లేని ప్రోటియస్ అనే బ్యాక్టీరియా రోగి రక్తద్రవంలో గడ్డలు కడుతుందేమో చూసే పద్ధతి ఇది. చవక, తేలిక. కానీ నిజంగా జబ్బున్నవాళ్లలో చాలామందిని వదిలేస్తుంది. టైఫాయిడ్ కోసం చేసే వైడాల్‌నూ నమ్మలేం. 1896 నాటి ఆ పరీక్ష, టైఫాయిడ్ తరచుగా తిరిగే మన ప్రాంతంలో, పాత జ్వరాల గుర్తులకు కూడా పాజిటివ్ చూపిస్తుంది. ‘టైఫాయిడ్ కొంచెం ఉంది’ అన్న ఆ ఒక్క మాటతో వారం రోజులు సెఫ్ట్రియాక్సోన్ సూదులు నడుస్తాయి. స్క్రబ్ టైఫస్ మీద ఆ సూది పనిచేయదు. ఈలోగా ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినే దశ వచ్చేస్తుంది. పరీక్ష తప్పితే పోయేది డబ్బు ఒక్కటే అయితే ఇంత బాధ లేదు.

ల్యాబు కంటే ముందే సాక్ష్యం చెప్పేది ఒకటుంది. పురుగు కుట్టిన చోట చిన్న పొక్కు లేచి, పగిలి, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. వైద్యులు ఎస్కార్ అంటారు. అది కనిపిస్తే రోగనిర్ధారణ దాదాపు అయినట్టే. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే రోగి దాని ఊసెత్తడు. పైగా అది వచ్చేది చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుము దగ్గర బట్ట బిగిసే చోట, చెవి వెనక. చామనఛాయ ఒంటి మీద ఇంకా కష్టంగా కనిపిస్తుంది. చేలో కలుపు తీసి వచ్చిన ఆడమనిషి, కిక్కిరిసిన ఓపీలో మగ డాక్టరు ముందు ఒళ్లంతా ఎలా చూపిస్తుంది? ఒక నర్సు, ఒక తెర, ఐదు నిమిషాలు చాలు. ఏ యంత్రమూ అక్కర్లేని ఈ పరీక్ష చేయడానికి పెద్దముడియం, జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రుల్లో దేనికీ కొత్తగా నిధులు రావాల్సిన పని లేదు. అందరికీ పెచ్చు రాదన్నదీ నిజమే, కొన్ని ప్రాంతాల్లో సగం మందికి కూడా కనిపించదు. కనిపించలేదని జబ్బును కొట్టిపారేయకూడదు. వెతక్కుండా ఉండడం మాత్రం క్షమించరానిది.

పరీక్ష చేయకపోతే ఏం జరుగుతుందో గోరఖ్‌పూర్ చూసింది. ఏటా వానల తర్వాత మెదడువాపుతో పిల్లలు చనిపోతుంటే ఏళ్ల తరబడి అందరూ జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌నే తప్పుపట్టారు. 2005లో వందలాది మంది పిల్లలు పోయాక టీకా వచ్చింది. అయినా చావులు ఆగలేదు. చివరకు 2015, 2016ల్లో ఐసీఎంఆర్ పరిశోధకులు పిల్లల రక్తాన్ని స్క్రబ్ టైఫస్ కోసం పరీక్షిస్తే, సగానికి పైగా కేసుల్లో ఆ గుర్తులే కనిపించాయి. జ్వరం దశలోనే ఇచ్చి ఉంటే పనిచేసే మందు అన్నాళ్లూ మందుల దుకాణాల్లోనే ఉంది.

ఆ మందు డాక్సీసైక్లిన్. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. డాక్సీసైక్లిన్ పుట్టిన కుటుంబానికి పెద్ద ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడే, 1948లో అది లోకానికి అందింది. డాక్సీసైక్లిన్ తొలి రోజుల్లో మొదలుపెడితే జ్వరం చాలావరకు 48 గంటల్లో దిగుతుంది. దిగకపోతే జబ్బు వేరేదేమో అని మళ్లీ వెతకాలి. అందుకే 2015 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు రక్తం తీయమంటాయి గానీ, బలమైన అనుమానం ఉంటే ఫలితం వచ్చేదాకా మందు ఆపొద్దంటాయి. ముదిరిన కేసుల్లో ఈ రెండు మందులూ కలిపి రక్తనాళం ద్వారా ఇస్తే మేలని వేలూరు వైద్యుడు జార్జ్ వర్గీస్ నేతృత్వంలోని పరిశోధన 2023లో తేల్చింది. దేశంలోని ఏడు ఆసుపత్రుల్లో దాదాపు 800 మంది రోగులతో సాగిన అధ్యయనం అది.

పెద్దముడియం నుంచి ప్రొద్దుటూరు బస్సెక్కే మనిషి డాక్టరుకు చెప్పాల్సినవి మూడు నాలుగే: జ్వరం మొదలైన తేదీ, అంతకుముందు రెండు మూడు వారాల్లో చేలో, గడ్డివాముల దగ్గర, గొర్రెల వెంట తిరిగిన సంగతి, అప్పటిదాకా పడిన సూదుల పేర్లు, ఒంటి మీద కనిపించిన పెచ్చు. ల్యాబు కాగితం మీద పరీక్ష పేరు, రక్తం తీసిన తేదీ స్పష్టంగా ఉండాలని అడగడం రోగి హక్కు. న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో కొడుకు దగ్గర ఎండాకాలం గడిపి వచ్చిన అమ్మానాన్నలైతే ఆ ప్రయాణం సంగతీ చెప్పాలి. లైమ్ జబ్బు బాగా తిరిగే రాష్ట్రాల్లో అవీ ఉన్నాయి, ఇక్కడి డాక్టరు అడక్కపోతే దాని ప్రస్తావనే రాదు.