ఉల్లి జాతి ఆకులు – నక్క ఉల్లి ప్రమాదము

బాలానగరము మొదలు హైటెక్ సిటీ వరకు గల పెద్ద దుకాణములలో నేడు చైవ్సు అను సన్నని ఆకుకట్టలు కానవచ్చుచున్నవి. చూచుటకు గరికపోచలవలె నుండును. నలిపినచో ఉల్లివాసన వచ్చును. హోటళ్ళవారు వీనిని సన్నగా తరిగి గ్రుడ్డట్టుపైనను, ఉడికిన ఆలుగడ్డలపైనను చల్లుదురు. దీనిని మన గ్రామములలో పండింపవచ్చునా యని పంచాయతీ సభ్యులకు తోచుట సహజము.

చైవ్సు ఉల్లి, వెల్లుల్లి కుటుంబములోనిదే. ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా ఖండముల చలిప్రదేశములలో తనంత తానుగా మొలచును. మన దేశమున పశ్చిమ హిమాలయములందును గలదు. ఆకులు గొట్టములవలె గుల్లగా నుండును. ఊదారంగు పూవులు గుత్తిగా పూయును. ఒకసారి నాటిన దుబ్బు ఏండ్ల తరబడి బ్రదుకును; నేలకు రెండంగుళములు విడిచి కోసినచో మరల చిగిర్చును. అయితే చలిని కోరు ఈ మొక్క మన మే నెల యెండలకు తాళుట కష్టము. కార్తికమున విత్తి, వేసవిలో నీడన ఉంచగలవారు కుండీలలో పెంచుకొనవచ్చును గాని, పొలములో వేయుడని మేము చెప్పజాలము. మొలక వచ్చిన ఉల్లిగడ్డను పెరటిమట్టిలో గ్రుచ్చి నీరు పోసినచో వచ్చు ఉల్లికాడ మన పప్పునకు ఏ విధముగను తీసిపోదు.

మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరు. చైవ్సు అడవిలోను మొలచునని విని, మన గుట్టలపై మొలచు అడవి ఉల్లియు అట్టిదేయని భ్రమపడువారుండవచ్చును. అది నక్క ఉల్లి. దాని గడ్డ పొరలు పొరలుగా అచ్చముగా ఉల్లిగడ్డను పోలియుండును. వేసవిలో ఆకు లేకయే పొడవైన కాడపై పూచి, వానలు పడిన పిమ్మట ఆకు వేయును. అందలి విషము వాంతులు కలిగించును. గుండె కొట్టుకొనుటను తారుమారు చేయును. రసము తగిలిన చర్మము దురదపెట్టును. దీనిని వైద్యమున వాడుట నిజమే. కాని మందగు మోతాదునకును విషమగు మోతాదునకును నడుమ భేదము మిక్కిలి స్వల్పము.

ఆకారమును నమ్మరాదు, నక్క ఉల్లి ఆకువలెనే వెల్లుల్లి ఆకును బల్లపరుపుగా నుండును. ఆకు నలిపి వాసన చూడవలెను. నక్క ఉల్లికి ఉల్లివాసన లేదు. ముందు ఉల్లిని ముట్టిన చేతికి ఆ వాసన అంటియుండును గనుక, చేయి కడిగికొని మరీ చూడవలెను. వాసన యున్నను ఎరుగని మొక్కను వండరాదు.

ఎవరైన తినినట్లు తెలిసినచో, ఉప్పునీరు త్రాగించుచు కాలము గడుపక, వెంటనే 108కు ఫోను చేసి, మిగిలిన గడ్డను గూడ ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వానలు మొదలైన వారములలో నక్క ఉల్లిని, ఉల్లికాడను ప్రక్కప్రక్కన ఉంచి ఊరిబడి పిల్లలకు చూపించుట పంచాయతీ చేయదగిన పని. చూపించువారు చేతులకు గుడ్డ చుట్టుకొని పట్టుకొనుట మంచిది.