చెట్టు ఎదుగుతోంది, తాత తరుగుతున్నాడు

భువనగిరి: తాటిచెట్టుకూ గీత కార్మికునికీ మధ్య ఒక చిన్న అన్యాయం ఉంది. చెట్టు ఏటా కొంత ఎత్తు పెరుగుతుంది. మనిషి పెరగడు. అరవై దాటాక కాస్త తరుగుతాడు కూడా. పెళ్లయిన కొత్తలో ఒక్క ఊపులో తల చేరిన చెట్టే, మనవడు బడికి పోయే నాటికి నడుమ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటే గాని అందదు. చెట్టుకు ఎత్తు పెరిగిందా, తనకు బలం తగ్గిందా అన్న లెక్క తేలక, రెండూ సగం సగం అని సర్దిచెప్పుకునే పెద్దలు భువనగిరి, వలిగొండ, మోత్కూరు, ఆలేరు పల్లెల్లో ఏ కల్లు మండువకు వెళ్లినా కనబడతారు.

ఈ వృత్తి ఎరగని పట్నం వారికి రెండు మాటలు చెప్పాలి. గీత కార్మికుని ఆస్తి మోకు, ముస్తాదు, గుజి, కత్తులు. మోకు అంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే బలమైన తాడు. గుజి పాదాలకు వేసుకునే బంధం. ముస్తాదులో కత్తులు, పనిముట్లు ఉంటాయి. గుజి వేసిన పాదాలతో మానును అదిమిపట్టి, మోకును పైకి ఎగరేసి, ఒళ్లు పైకి లాక్కోవాలి. మళ్లీ ఎగరేయాలి, మళ్లీ లాక్కోవాలి. నలభై యాభై అడుగుల చెట్టుకు ఈ పని ఎన్నిసార్లు చేయాలో పాఠకులే ఊహించుకోవచ్చు. పైకి చేరాక గెల కొసను ఉల్లిపొరంత సన్నగా గీయాలి. మందంగా గీస్తే గెల తొందరగా అయిపోతుంది. నాలుగు రోజులు గీయకపోతే కోత ఎండి కల్లు ఆగిపోతుంది. అందుకని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కక తప్పదు. జ్వరానికి సెలవు లేదు, బిడ్డ పెళ్లికీ సెలవు లేదు. పెళ్లిపందిట్లో కన్యాదానం చేసిన చేతులతోనే పొద్దు వాలేలోగా మోకు పట్టుకున్న తండ్రుల సంగతి ఈ పల్లెల్లో వింతగా ఎవరూ చెప్పుకోరు.

వయసు మీద పడ్డాక ఈ పనిలో మారేదేమిటని చూస్తే మొదట మారేది కాళ్లూ చేతుల లెక్క. కుర్రవాడు చేతులతో గుంజుకుంటాడు. పెద్దవాడు కాళ్లతో నెట్టుకుంటాడు. కుర్రవాడు సగం చెట్టు ఎక్కేసరికి రొప్పుతాడు. పెద్దవాడు సగంలో మోకులో వెనక్కి వాలి, పడక కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, ఊరు చూస్తాడు. అలసి ఆగాడని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోడు. గాలి చూస్తున్నానంటాడు, చీమలు చూస్తున్నానంటాడు, పక్క చెట్టు లొట్టి నిండిందో లేదో చూస్తున్నానంటాడు.

కంటి చూపు సంగతి ఇంకా తమాషా. నలభై అయిదు దాటితే దగ్గరి చూపు తగ్గడం, దూరపు చూపు బాగానే ఉండడం చాలామందికి మామూలే. దాని వల్ల చెట్టు మీది తాతకు రెండు మైళ్ల అవతల చెరువు కట్ట మీద పోతున్నది ఎవరి బర్రెలో తెలుస్తుంది. ముక్కు ముందున్న గెల మాత్రం మసకగా కనిపిస్తుంది. అయినా కత్తి తప్పదు. బొటనవేలితో కోత కొసను తడిమి, ఆ తడిని బట్టి ఎంత గీయాలో చేయి తేల్చుకుంటుంది. కళ్లజోడు పెట్టుకుని చెట్టెక్కడం నామోషీ. జేబులో పెట్టుకుని ఎక్కితే పగులుతుంది. ఇక మిగిలిన దారి ఆ బొటనవేలే.

దూరపు చూపు మాత్రం ఊరికి ఉపకారం చేస్తుంది. ఫోన్లు లేని రోజుల్లో ఊళ్లోకి బస్సు వస్తున్న కబురు, పక్క ఊరి గడ్డివాము అంటుకున్న కబురు మొదట తెలిసేది తాటిచెట్టు మీది మనిషికే. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నా, ఎవరి పొలంలోకి ఎవరి మేకలు దిగాయన్న వార్త ఇంకా చెట్టు మీది నుంచే ముందు వస్తోంది.

రెండు వయసులు

గీత కార్మికునికి ఒకే జన్మలో రెండు వయసులు ఉంటాయని మండువల్లో ఒక పరిహాసం. తెలంగాణలో గీత కార్మికులకు 50 ఏళ్లు నిండితే ప్రభుత్వ పింఛను వస్తుంది. 2019లో ఈ మొత్తాన్ని నెలకు రూ.2,016 చేశారు. పుట్టిన తేదీ రాసి పెట్టుకోని తరం వారిది. ఆధార్ కార్డులో ఎవరో వేసిన అంకెతో కొందరు నలభై ఏడు దగ్గరే ఆగిపోయారు. పింఛను కాగితం పట్టుకున్నప్పుడు వయసు పెంచి చెప్పుకోవాలి. ఇంట్లో ఆడవాళ్లు ఇక చెట్టెక్కొద్దని పట్టుబట్టినప్పుడు అదే వయసు తగ్గించి చెప్పుకోవాలి. పొద్దున మండలాఫీసులో యాభై ఆరైన మనిషికి సాయంత్రం వాకిట్లో నలభై ఎనిమిది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన విన్న మనవలే చిక్కుల్లో పడతారు.

ఇల్లాలి పోరు ఈ వయసులో పెద్ద అధ్యాయం. వయసులో ఉన్నన్నాళ్లూ ఇంకో నాలుగు చెట్లు ఎక్కితే ఏం పోయిందని అడిగిన ఇల్లాలే, అరవై వచ్చేసరికి మోకు దాచిపెడుతుంది. గడ్డివాములో పెట్టినా అటక మీద పెట్టినా గంటలో దొరుకుతుంది. తాడు మీదికి పాకగల మనిషికి అటక ఎంత! చివరికి ఎక్కువ ఇళ్లల్లో ఒక రాజీ కుదురుతోంది. ఎత్తు చెట్లు తమ్ముడి కొడుక్కో అల్లుడికో ఒప్పజెప్పి, పొట్టి చెట్లూ ఈత చెట్లూ పెద్దాయనకు ఉంచడం. ఈత చెట్టెక్కడం గీత కార్మికుల లెక్కలో రిటైర్మెంటు. ఆ మాట అన్నవారితో పెద్దాయన వారం రోజులు మాట్లాడడు.

ఛాతీ మీద, ముంజేతుల లోపలి వైపున, పాదాల మీద మాను రాపిడికి కాయలు కాసి ఉంటాయి. ఆ ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే డాక్టరుకు గుండె చప్పుడు వినిపించదని, తాటిచెట్టు చప్పుడే వినిపిస్తుందని హాస్యం.

ఇటలీ తాత, స్విస్ తాత

ఎక్కడం అన్నది వయసుతో ఆగిపోయే పని కాదని లోకంలో వేరేచోట్ల కూడా రుజువైంది. ఇటలీలో రికార్డో కాసిన్ అనే ప్రఖ్యాత శిలారోహకుడు ఉండేవాడు. 1909లో పుట్టాడు. చిన్నతనంలో కమ్మరి పని చేశాడు. ఇటలీ, స్విట్జర్లాండు సరిహద్దులో ఉన్న పిజ్ బదీలె అనే శిఖరపు ఈశాన్య ముఖాన్ని 1937లో మొట్టమొదట ఎక్కింది ఆయన బృందమే. సరిగ్గా యాభై ఏళ్లకు, 1987లో, 78 ఏళ్ల వయసులో అదే కొండను అదే వైపు నుంచి మళ్లీ ఎక్కాడు. తమాషా ఏమిటంటే ఆ రోజు పత్రికల వారు అందుకోలేకపోయారు. వారి కోసం ముసలాయన కొద్దిరోజుల్లోనే ఇంకోసారి ఎక్కి చూపించాడు. 2009లో నూరేళ్లు నిండి కన్నుమూశాడు.

స్విట్జర్లాండులో మార్సెల్ రెమీ అనే రైల్వే కార్మికుడు 2017లో, తన 94వ ఏట, మిర్వార్ ద లార్జెంతీన్ అనే పెద్ద రాతిగోడను ఇద్దరు కొడుకులతో కలిసి ఎక్కాడు. 2022లో తొంభై తొమ్మిదేళ్లకు పోయాడు. అమెరికాలో డియర్డ్రె వోలోనిక్ అనే ఆమె అరవై సమీపిస్తుండగా కొడుకు దగ్గర కొండలెక్కడం మొదలుపెట్టి, 2017లో 66 ఏళ్ల వయసులో ఎల్ కాపిటన్ అనే మూడు వేల అడుగుల రాతిగోడను అతనితోనే ఎక్కింది. ఆ కొడుకు అలెక్స్ హొనాల్డ్. అదే గోడను అదే ఏడాది జూన్‌లో తాడు లేకుండా ఒంటరిగా ఎక్కి ప్రపంచాన్ని నివ్వెరపరచినవాడు.

కాసిన్ ఒక్క కొండను రెండుసార్లు ఎక్కితే లోకం చప్పట్లు కొట్టింది, కొట్టాల్సిందే. మన పల్లెలో అరవై అయిదేళ్ల మనిషి ఒక్కో చెట్టును రోజుకు రెండుసార్లు చొప్పున ఎక్కుతున్నాడు. ఫొటో కోసం ఇంకోసారి ఎక్కమని అడిగిన వారు లేరు. అడిగినా, కల్లు ఎవరు దింపుకోవాలని ఆయనే ఎదురు ప్రశ్న వేయగలడు.

భువనగిరి గుట్ట కూడా ఎక్కేవారి చరిత్ర గలదే. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీద వెలసిన కోట ఈ ఏకశిల మీదే ఉంది. గీత కులంలో పుట్టి, మొగలు ఏలుబడిని ధిక్కరించి, 1710లో ప్రాణాలు కోల్పోయిన సర్వాయి పాపన్న దాడి చేసిన కోటల్లో ఇదొకటి. మన కాలంలో మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఈ గుట్ట మీదే శిలారోహణ అభ్యసించి, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. గుట్ట మీద తాళ్లు కట్టుకుని వేలాడుతున్న పిల్లలను కింది తాటివనం నుంచి చూసిన పెద్దలు, ఇంత చిన్న పిల్లలకు ఇన్ని తాళ్లా అని మొదట నవ్వుకున్నారంటారు.

ఆ తాళ్లే తర్వాత చెట్టు దగ్గరికి వచ్చాయి. 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరిట రక్షణ కిట్లు పంచడం ప్రారంభించింది. కొండలెక్కేవారి పరికరాల పద్ధతిలోనే తాడు, పట్టీలు, కొక్కేలు ఇందులో ఉన్నాయి. కాలు జారితే మనిషి కింద పడకుండా చెట్టుకే వేలాడేలా పట్టి ఉంచడం దీని పని. కాటమయ్య గౌడుల కులదైవం. కిట్టుకు ఆయన పేరు పెట్టడం తెలివైన పనే. లేకపోతే పెద్దవాళ్లు దాన్ని ముట్టి ఉండేవారు కారు.

ఇక్కడ నవ్వులాట ఆపి చెప్పవలసిన మాట ఒకటుంది. వానాకాలం మాను జారుతుంది. తల దగ్గర కందిరీగల గూడు ఉండవచ్చు, పాము ఉండవచ్చు. మోకు ముడి సడలవచ్చు. పడ్డవాడు బతికితే చాలాసార్లు వెన్నుపూస దెబ్బతిని మంచానికే అంటుకుపోతాడు. నడుము కింద స్పర్శ లేకుండా గుమ్మంలో మంచం మీద పడుకుని, తాను గీసిన చెట్లను చూస్తూ రోజులు వెళ్లదీస్తున్నవారు ఈ ప్రాంతంలో ఉన్నారు. పడి చనిపోతే ఇంటివారికి అయిదు లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఉంది. మంచాన పడ్డవాడికి నీళ్లు తాపి, పక్కకు తిప్పి పడుకోబెట్టే పని ఏళ్ల తరబడి ఇల్లాలిదే. ఆమె మోకు ఎందుకు దాస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కొత్త కిట్టు విషయంలో పెద్దల గొడవ వేరు. మోకు ఒక్కటి కట్టుకుని ఎక్కే చోట ఇన్ని కొక్కేలు తగిలిస్తూ పోతే, పది చెట్లు ఎక్కేసరికి పొద్దు వాలుతుందని వారి ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. ఎక్కే వేగం కొంత తగ్గుతుంది. అయితే విశేషమేమిటంటే, కిట్టును ముందుగా వెక్కిరించిన పెద్దలే కొందరు ఇప్పుడు దాన్ని వదలడం లేదు. వారికి అందులో ఇంకో లాభం దొరికింది. కిట్టు ఉంది కదా, ఇంకెందుకు భయమని ఇంట్లో వాదించి, పోగొట్టుకున్న ఎత్తు చెట్లను మళ్లీ సంపాదించుకున్నారు. ఇల్లాలి మోకు దాపరికానికి ప్రభుత్వమే ఇలా గండి కొట్టిందన్నమాట.

పెద్దలు ఇంకా ఎక్కుతూ ఉండడానికి సరదా ఒక్కటే కారణం కాదు. ఎక్కే కొడుకు లేడు. చదువుకున్నవాడు హైదరాబాదులో కారు నడుపుతున్నాడు, దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. తన ఛాతీ మీది కాయలు కొడుక్కి వద్దనుకున్నది ఆ తండ్రే. అమెరికాలో తల్లి కొడుకు దగ్గర ఎక్కడం నేర్చుకుంది. ఇక్కడ తండ్రి దగ్గర నేర్చుకునే కొడుకు దొరకడం కష్టమైపోయింది. పండక్కి వచ్చిన కొడుకు సరదాగా ఒక్కసారి మోకు కట్టి, మనిషి ఎత్తు ఎక్కి, సెల్‌ఫోన్‌లో బొమ్మ తీయించుకుని దిగుతాడు. తండ్రి కింద నిలబడి కాళ్లు సరిగ్గా పెట్టమని అరుస్తాడు. దిగాక, ఫరవాలేదు, ఒంట్లో రక్తం ఉందని ఒక మాట అని ఊరుకుంటాడు.

ఎక్కగలిగినన్నాళ్లూ దక్కే సుఖాలూ లేకపోలేదు. తెల్లవారుజామున చెట్టు తల దగ్గర వీచే గాలి కింద ఎవరికీ దొరకదు. నెల వేసవి అయినా ఆ వేళకు అక్కడ చల్లగానే ఉంటుంది. కింద అప్పుల వాడు ఎదురుచూస్తున్నా అక్కడికి రాలేడు. దిగివచ్చేసరికి రేక పట్టుకుని నాలుగు వరుసల మనుషులు నిలబడి ఉంటారు, మామా అనో బావా అనో పిలిచి మంచి చేసుకుంటారు. అరవై ఏళ్లు దాటిన మనిషి కోసం పొద్దున్నే పదిమంది ఎదురుచూసే వృత్తులు ఎన్ని ఉన్నాయి?

పూర్తిగా మోకు దించినవారు కూడా ఇంట్లో కూర్చోరు. పొద్దున్నే తాటివనానికి పోతారు. మానును అరచేత్తో తట్టి చూస్తారు. పైనున్నవాడికి కింది నుంచి సలహాలు చెబుతారు; అవి వినబడనట్టు నటించడం పైవాడికి అలవాటే. లొట్టి దిగాక పెద్దాయనకు మొదటి రేక పోయడం మర్యాద. ఒక గుక్క తాగి, ఇది ఏ చెట్టు కల్లో ఆయన చెప్పాలి. ఒప్పు చెబితే శెభాష్ అంటారు. తప్పు చెబితే రుచి సరిగ్గా చూడలేదని ఇంకో రేక పోస్తారు. ఈమధ్య పెద్దాయనలు వరసగా తప్పులే చెబుతున్నారని గీసేవారు గొణుగుతున్నారు.