‘పెద్ద’ అనుటకు ఇన్ని మాటలేల?

మిక్కిలి పెద్ద వస్తువును గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మనము కొండంత అందుము, ఏనుగంత అందుము, ఆకాశమంత అందుము. కన్నులకు కనబడు వస్తువు నొకదానిని కొలతగా నిలిపి చెప్పుట మనకు అలవాటు. ఇంగ్లీషువారికిని ఈ అలవాటు లేకపోలేదు. అయితే వారు కొలతగా తెచ్చుకొన్న వస్తువు కాలక్రమమున మాటలో కరగిపోయి, విశేషణ మొక్కటే పైకి మిగిలినది. జైగాంటిక్, టైటానిక్, కొలోసల్, మామత్, జంబో, ఇనార్మస్, ఇమ్మెన్స్, వాస్ట్ - నిఘంటువు తెరచినచో వీని కన్నిటికిని ‘మిక్కిలి పెద్దదైన’ అను నొక్క అర్థమే కనబడును. అర్థ మొక్కటే అయినచో ఇన్ని మాటలేల? వాని పుట్టుక తెలిసికొన్నచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

మొదటి రెండు మాటలును గ్రీకు పురాణములనుండి వచ్చినవి. జైగంటులు భూదేవి బిడ్డలు, దేవతలపై దండెత్తిన మహాకాయులు. వారినుండి పుట్టినది జైగాంటిక్. టైటనులు అంతకు పూర్వపు తరమువారు. జ్యూస్ దేవునితో పోరి, ఓడి, పాతాళమున బంధింపబడినవారు. అందుచే జైగాంటిక్ అన్నప్పుడు దేహపరిమాణము, టైటానిక్ అన్నప్పుడు బలమును పోరాటమును స్ఫురించును. 1912 ఏప్రిల్ నెలలో తన తొలి ప్రయాణముననే మంచుకొండకు తగిలి, 1,500 మందికి పైగా ప్రాణములతో మునిగిపోయిన ఓడకు ఈ ఓడినవారి పేరే పెట్టియుండుట విధివిలాసము. జైగంటులు మాత్రము మన యిండ్లలోనికే వచ్చి చేరినారు. 1960లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ నూరు కోట్ల సంఖ్యకు ‘గిగా’ అను ఉపసర్గను అంగీకరించినది. నేడు చేతిలోని ఫోనునకు ఇన్ని గిగాబైట్లని లెక్కించు పిల్లవాడు తెలియకయే ఆ భూమిపుత్రులను తలచుచున్నాడు.

కొలోసల్ అను మాట శిల్పమునకు సంబంధించినది. గ్రీకుల రోడ్స్ ద్వీపమున క్రీస్తునకు పూర్వము సుమారు 280వ సంవత్సరమున సూర్యదేవుని కంచువిగ్రహము నొకదానిని నిలిపిరి. దాని యెత్తు నూరడుగులకు మించినది. ప్రపంచపు ఏడు వింతలలో నొకటిగా పేరుపొందిన ఈ ‘కొలోసస్’ అరువదేండ్లయినను నిలువలేదు. భూకంపమున మోకాళ్లవద్ద విరిగి పడిపోయినది. కనుకనే కాబోలు, ఇంగ్లీషువారు ఘనకార్యమునకు ఎంతగా ఈ మాట వాడుదురో, ఘోరమైన పొరపాటునకును అంతగా వాడుదురు.

ఇక జంతువులు. మామత్ అనునది సైబీరియా మంచులో ఎముకలును దంతములును దొరకిన, ఏనాడో అంతరించిన దట్టమైన రోమముల ఏనుగు. పేరు రష్యను భాషనుండి వచ్చినది. 1801లో అమెరికాలోని న్యూయార్కు ప్రాంతమున అటువంటి ప్రాచీన జంతువు ఎముకలు త్రవ్వి తీయుటతో ఈ పేరు ఆ దేశమంతట మారుమ్రోగినది. మరుసటి యేడు మొదటి దినముననే మాసచూసెట్సు రాష్ట్రపు రైతులు కొందరు అధ్యక్షుడు జెఫర్సనునకు 1,235 పౌనుల, అనగా సుమారు 560 కిలోల, జున్నుగడ్డను కానుకగా నిచ్చిరి. దానిని జనులు ‘మామత్ చీజ్’ అనిరి. అట్లు మృగము పేరు విశేషణమై, మన దేశపు ఇంగ్లీషు పత్రికలలో బహిరంగసభలకు సైతము విశేషణమైనది. జంబో అనునది లండను జంతుప్రదర్శనశాలలో 1865నుండి పెరిగిన ఆఫ్రికా ఏనుగు పేరు. 1882లో దానిని అమెరికా సర్కసువారికి అమ్మినప్పుడు ఇంగ్లండున గొప్ప అలజడి రేగినది. 1885లో అది కెనడాలో రైలు తగిలి మరణించినను పేరు బ్రదికినది. 1969లో తొలిసారి ఎగిరిన బోయింగు 747 విమానము ‘జంబో జెట్’ అయినది. మన జంబూద్వీపమునకును దీనికిని చుట్టరికము లేదు.

మిగిలిన మూడును లాటిను భాషనుండి వచ్చినవి; వస్తువును చూపక భావమును చూపును. ‘నార్మా’ యనగా వడ్రంగి మూలమట్టము. దానికి లొంగక బయటికి పోయినది ఇనార్మస్. దాని తోబుట్టువైన ఇనార్మిటీ అను మాటకు ఘోరకృత్యమను అర్థము నేటికిని కలదు. ఇమ్మెన్స్ అనగా కొలువరానిది. మన ‘అమేయము’ అచ్చముగా ఇట్టిదే. రెండింటిలోను కొలుచుటను తెలుపు ధాతువు ఒకే మూలమునుండి వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వాస్ట్ అను మాటకు మొదటి అర్థము శూన్యము, పాడుపడినది అని. కనుకనే ఎడారికి, సముద్రమునకు, ఆకాశమునకు అది చక్కగా అమరును, ఏనుగునకు అమరదు.

కనుక ఈ మాటలు ఒకదాని స్థానమున ఒకటి కూర్చుండునవి కావు. దేహము గలదానికి జైగాంటిక్, పోరాటమునకు టైటానిక్, విస్తారమునకు వాస్ట్, కృతజ్ఞతవంటి కొలువరాని భావమునకు ఇమ్మెన్స్. ఇంగ్లీషు నేర్చుకొను విద్యార్థి ఈ భేదమును గుర్తించిన చాలును.

అయితే వార్తలను ఇంగ్లీషునుండి తెలుగుచేయు మావంటివారికి మరియొక చిక్కు కలదు. ఈ మాటలన్నిటిని ‘బ్రహ్మాండమైన’ అను నొక్క మాటతో సరిపెట్టుట సులభము. బ్రహ్మాండమనగా సమస్త విశ్వము! సభయు బ్రహ్మాండము, సినిమాయు బ్రహ్మాండము, వరదయు బ్రహ్మాండమే అయినచో, నిజముగా ముంచివేయు వరద వచ్చిననాడు చెప్పుటకు మాట మిగులదు. పత్రిక చదువువారికి పక్కన ఛాయాచిత్రమైనను ఉండును. రేడియో వినువారికి మాటయే కన్ను.

గోదావరి ఒడ్డువారికి ఈ సంగతి చక్కగా తెలియును. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 48 అయినచో రెండవది, 53 అయినచో మూడవది. 1986 ఆగస్టున నది 75.6 అడుగులకు పొంగినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఒడ్డున నున్న గృహస్థు పిల్లలను, పశువులను, ధాన్యమును ఎప్పుడు మెరకకు చేర్చవలెనో నిర్ణయించుకొనునది ఈ అంకెలను విని. ‘మహోగ్రము’, ‘కనీవినీ యెరుగనిది’ అను విశేషణములను విని కాదు.

అంతమాత్రమున పెద్ద మాటలు పనికిరావని కాదు. అంకె కొలత చెప్పును. మాట ఆ కొలత ఎదుట మనిషి నిలిచిన తీరును చెప్పును. రెండును కావలెను. కాని ముందుగా అంకె రావలెను, దాని వెనుక తగిన మాట ఒక్కటి రావలెను. కొండను చూచినప్పుడే కొండంత అన్నచో, విన్నవారు తల యెత్తి చూతురు.