వేసవి సెలవులు – వీర్నపల్లి అడవి

విద్యార్థి జీవితములో సెలవులకు ఒక ప్రత్యేక స్థానమున్నది. పరీక్షలు ముగియగానే మిత్రులు కలిసి ఎక్కడికైనా వెళ్ళి రావలెనని కోరుకొనుట సహజము. అయితే విహారయాత్ర అనగానే మనకు చార్మినారు, గోలకొండ, నాగార్జునసాగరము గుర్తుకు వచ్చును. మన ఊరినుండి బస్సులో కొద్ది గంటల దూరమున ఉన్న పల్లెలు గుర్తుకు రావు. అక్కడ చూడదగినదేమున్నదని అడిగేవారు కూడ కలరు. అందుకు సమాధానముగా, ఒక వేసవిలో మేము నలుగురు అధ్యాపక మిత్రులము ఏడుగురు విద్యార్థులతో కలిసి చూచి వచ్చిన వీర్నపల్లి ప్రాంతమును గురించి, అక్కడ తెలిసికొన్న ఒక ఆకును గురించి ఇక్కడ వివరింప దలచినాము.

వీర్నపల్లి పూర్వము కరీంనగర్ జిల్లా ఎల్లారెడ్డిపేట మండలములోని గ్రామము. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైనది. జగిత్యాల, కోరుట్లలనుండి వెళ్ళేవారు వేములవాడ, సిరిసిల్ల మీదుగా కామారెడ్డి రోడ్డు పట్టుకొని ఎల్లారెడ్డిపేట చేరి, అక్కడ లోపలికి తిరుగవలెను. సిరిసిల్ల దాటువరకు చెవులలో మరమగ్గాల చప్పుడే. ఆపైన వరి మళ్ళు, పత్తి చేలు, తరువాత గుట్టలు, అడవి.

ఈ మండలములో లంబాడీ తండాలు ఎక్కువ. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టముతో రాష్ట్రములో ఎన్నో తండాలు స్వంత గ్రామ పంచాయతీలైనవి. లంబాడీలు, అనగా బంజారాలు, పూర్వము ఎద్దుల మందలపై ధాన్యము, ఉప్పు మోసుకొని దేశమంతట తిరిగిన వర్తకులు. దక్కనుకు వచ్చిన మొగలు సేనలకు తిండిగింజలు అందించినవారు వీరే. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ వృత్తి దెబ్బతినగా, సేద్యమును, అడవిని నమ్ముకొనినారు. మన ఉర్దూ విద్యార్థులు నజీర్ అక్బరాబాదీ రచించిన ‘బంజారానామా’ చదివియుందురు. అందులో బంజారా, అన్నీ విడిచి బయలుదేరవలసిన జీవునికి సంకేతము. ఇక్కడ మాకు కనిపించినది సద్ది కట్టుకొని, తెల్లవారకముందే అడవికి బయలుదేరే కుటుంబము.

వేసవిలో వారు అడవికి వెళ్ళునది తునికాకు కొరకు. తునికి చెట్టు మోదుగ, ఇప్ప చెట్లతో పాటు మన పొడి అడవులలో పెరుగును. దాని పండ్లు తియ్యగా ఉండును. కాని వ్యాపారమునకు పనికివచ్చునది ఆకు. ఫిబ్రవరి, మార్చి నెలలలో తునికి పొదలను మొదలు దాకా కొట్టివేయుదురు. సుమారు నలుబది దినములలో ఎర్రని చిగురు వేసి, ఆకు విచ్చుకొని పచ్చబడును. మరీ లేత ఆకు ఎండితే చినిగిపోవును. ముదిరిన ఆకు చుట్టబోతే విరుగును. ఈ రెంటి నడుమ ఉన్న కొద్ది దినములే, ఏప్రిల్, మే మాసములలో, కోతకు తగిన కాలము. మన సెలవులు, వారి పని ఒకే సమయమున వచ్చుచున్నవన్నమాట.

ఎండ ముదరకముందే ఆకు తెంపి ఇంటికి తెచ్చుకొందురు. మధ్యాహ్నము ముసలివారు, పిల్లలతో సహా ఇంటిల్లిపాది కూర్చుండి ఏబది ఆకులకొక కట్ట కట్టుదురు. సాయంత్రము కల్లమునకు తీసికొనిపోయి లెక్క అప్పగింతురు. కల్లములో కట్టలను వరుసలుగా పరచి, తిరగవేయుచు, వారము దినములపాటు ఎండబెట్టుదురు. ఈలోగా అకాల వర్షము పడిన ఆకు మచ్చలు పట్టి పాడగును. ఎండిన ఆకుకు తగు తడి పట్టించి గోనె సంచులలో నింపుదురు. వెయ్యి కట్టలైన ఒక స్టాండర్డు బ్యాగు. అనగా ఏబది వేల ఆకులు! ఒక్కొక్క ఆకును ఒక చేయి వంగి తెంపినదే. వడదెబ్బ, పాము, ఎలుగుబంటి భయము వేరే.

1971 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టముతో ఈ వ్యాపారము ప్రభుత్వ నియంత్రణలోనికి వచ్చినది. దళారి తోచిన ధరకు కొనుటను అరికట్టుటయే దాని ఉద్దేశము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము తునికాకును కూడ అటవీ ఫలసాయములలో పేర్కొని, దానిపై అడవి బిడ్డల హక్కును గుర్తించినది.

ఒక తండాలో, కట్టలు కట్టుచున్న ఒక వృద్ధురాలు మా విద్యార్థి నొకనిని అడిగినది: “ఈ ఆకు మీ పట్నంల ఏం జేస్తరు బిడ్డా?” అతడు ఒక ఆకు తీసికొని, కత్తెర లేకుండగనే గోటితో చీల్చి, క్షణములో చుట్టి చూపినాడు. “మా అమ్మీ బీడీలు చేస్తది అవ్వా. సాయంత్రం నేను గూడ ఆకు కత్తిరిస్త” అన్నాడు. చిన్ననాటినుండి ఆ ఆకును చేతపట్టిన ఆ బాలుడు తునికి చెట్టును చూచుట అదే మొదటిసారి. ఏండ్లుగా ఆకు తెంపిన ఆ అవ్వ, బీడీ చుట్టు చేయిని చూచుటయు అదే మొదలు.

సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతములలో ఎన్నో ఇండ్లకు బీడీయే ఆధారము. రాత్రి ఆకు నానబెట్టి, ఉదయము రేకు కొలతకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారము కట్టి, మొన ముడుచుదురు. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇత్తురు. వేగముగల చేతికి కూడ వెయ్యి బీడీలకు దినమంత పట్టును. నడుము నొప్పి, తంబాకు ధూళితో దగ్గు ఈ పనికి తోడుగా వచ్చునవి. 1966లో బీడీ, సిగారు కార్మికుల పని పరిస్థితుల చట్టము, 1976లో సంక్షేమ నిధి చట్టము వచ్చినవి. 2015లో తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు జీవనభృతి ప్రారంభించినది. మన కళాశాలలో కట్టబడిన ఫీజులలో ఎన్ని బీడీ కూలి డబ్బులో విద్యార్థులకు వేరే చెప్పనక్కర లేదు.

ఇక్కడ ఒక విషయము చెప్పక తప్పదు. ఈ యాత్రకు పేర్లిచ్చిన ఇద్దరు విద్యార్థినులు చివరి దినమున ఆగిపోయినారు. సెలవులలో ఇంట వారి వంతు బీడీల లెక్క పెరుగుటయే కారణము. కళాశాలకు సెలవైనంత మాత్రమున అందరికీ విశ్రాంతి లభించుట లేదు.

విద్యార్థి మిత్రులారా, మీరును ఇట్టి యాత్ర చేయుడు. కాని కొన్ని జాగ్రత్తలు పాటింపుడు. వ్యవసాయ బావులలో, చెరువులలో దిగవద్దు. మట్టి తీసిన గుంటలు నీటిపైకి కనిపించవు. సెలవులకు వచ్చిన బాలురు మునిగి మరణించిన వార్తలు ప్రతి వేసవిలో చదువుచున్నాము. ఎండుటాకుల అడవిలో నిప్పు రాజేయవద్దు. తండాలో అడుగనిదే ఫోటోలు తీయవద్దు. తిండి, నీరు వెంట తీసికొని పొండు. పనిచేయువారి సమయము వృథా చేయక, వీలైతే నాలుగు కట్టలు కట్టి సహాయపడుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి యిది. ప్రతి వేసవిలో ఒక దినము ఇట్టి యాత్ర కళాశాల పక్షాన జరిపింపవలెను. ఉదయము వెళ్ళి సాయంత్రమునకు తిరిగి వచ్చునట్లును, బస్సు ఖర్చు విద్యార్థులపై పడకుండునట్లును ఏర్పాటు చేయవలెను. ముందుగా తల్లులతో మాట్లాడి, వీలైతే ఒకరిద్దరు తల్లులను కూడ వెంట రమ్మనవలెను. అప్పుడు విద్యార్థినులకు అడ్డంకి తగ్గును. ఏండ్ల తరబడి తాము చుట్టిన ఆకు ఏ చెట్టుదో, ఏ చేతులు తెంపినదో ఆ తల్లులు కూడ స్వయముగా చూడగలరు.