దూది ధూళిపై ప్రాజెక్టు చేస్తారా? డబ్బు ఎక్కడ అడగాలంటే...

అక్టోబరు దాటిందంటే ఆదోని మార్కెట్ యార్డుకి పత్తి ట్రాక్టర్లు వరస కడతాయి. జిన్నింగ్ మిల్లుల చుట్టూ గోడల మీద, చెట్ల ఆకుల మీద తెల్లటి నూగు. ఎమ్మిగనూరులోనూ సీజన్‌లో ఇదే తంతు. కంటికి కనిపించే నూగు చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగుతుంది. కనిపించని సన్న ధూళే ఊపిరితిత్తుల దాకా పోతుంది.

పత్తి ధూళిని ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకి వచ్చే జబ్బు పేరు బిస్సినోసిస్. వారం సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగపట్టినట్టు ఉండటం దీని మొదటి గుర్తు. చట్ట ప్రకారం పరిహారం దక్కే వృత్తి వ్యాధుల జాబితాలో ఇదీ ఉంది. కానీ ఆయాసమే కదా అని మందుల షాపులో మాత్ర కొనుక్కుని సరిపెట్టుకునే కూలీకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఇక్కడే కాలేజీ కుర్రాళ్లకి, అమ్మాయిలకి పని ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి 13 నగరాలు, పట్టణాలు ఉన్నాయి. కర్నూలు ఉంది; ఆదోని, ఎమ్మిగనూరు లేవు. అంటే ఆ పద్దు కింద నిధులు మన ఊరిదాకా రావు. మనమే వెతుక్కోవాలి.

సెన్సర్ కొనేముందు ఆగండి

గాలి అనగానే అందరూ రెండు మూడు వేల రూపాయల లేజర్ సెన్సర్ కొంటారు. ఊరి పొగకి అది పనికొస్తుంది. మిల్లు ధూళికి మాత్రం అంత నమ్మకం లేదు. ముతక కణాలను అది తక్కువ చేసి చూపిస్తుంది, గాలిలో తేమ ఉంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. దానికన్నా పీక్ ఫ్లో మీటర్ నయం. షిఫ్టుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఊదిస్తే ఊపిరి ఎంత తగ్గిందో తెలుస్తుంది. అయితే కార్మికుల ఒప్పుకోలు, ప్రభుత్వాసుపత్రి డాక్టరు తోడు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఊదినవాళ్ల పేర్లు మిల్లు యజమాని చేతికి పోతే వాళ్ల కూలి పోతుంది.

ఏ పనికి ఏ డబ్బు

ధూళిని పట్టే పరికరం లాంటిది తయారుచేయాలనుకుంటే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 'నిధి-ప్రయాస్' ఉంది. నమూనా తయారీకి రూ.10 లక్షల వరకు ఇస్తారు. ఇంక్యుబేషన్ కేంద్రాల ద్వారా దరఖాస్తు చేయాలి. కాగితం మీద సర్వేకి ఇది రాదు. ఇంకా చదువుతున్నవాళ్లకి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ తేలిక దారి: ఆరుగురు జట్టు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. సర్వేకి, అవగాహన పనికి కంపెనీల సీఎస్ఆర్ నిధులు అడగొచ్చు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ఇటలీ కలిసి నడిపే 'యూత్4క్లైమేట్' 18-29 ఏళ్లవారి ప్రాజెక్టులకి 30 వేల డాలర్ల వరకు ఇస్తూ వచ్చింది. ఏటా అంశాలు మారతాయి, చూసుకోవాలి.

ఇవన్నీ మనలాంటోళ్లకి ఎక్కడొస్తాయి అంటారా? డీజిల్ జనరేటర్ పొగలోని మసిని పట్టి ఇంకుగా మార్చే పనికి అర్పిత్ ధూపర్ 2018లో ఐక్యరాజ్యసమితి యువ పురస్కారం అందుకున్నారు. పంట వ్యర్థాలను పొలంలో కాల్చకుండా ఇంధనంగా, ఎరువుగా మార్చే యంత్రానికి విద్యుత్ మోహన్ సంస్థ 'టకాచార్' 2021లో పది లక్షల పౌండ్ల ఎర్త్‌షాట్ బహుమతి గెలిచింది. పత్తి కట్టె మన పొలాల్లోనూ బోలెడు.

చిక్కు ఎక్కడంటే, చాలా నిధులు వ్యక్తికి కాదు, నమోదైన సంస్థకే ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 ప్రకారం ఏడుగురు ఉంటే సొసైటీ పెట్టుకోవచ్చు. సీఎస్ఆర్ డబ్బు తీసుకోవాలంటే 12ఏ, 80జీ గుర్తింపులతో పాటు సీఎస్ఆర్-1 నమోదు కూడా అడుగుతారు. విదేశీ విరాళాలకైతే ఎఫ్‌సీఆర్ఏ అనుమతి తప్పనిసరి. దాని రిజిస్ట్రేషన్‌కి సంస్థకి మామూలుగా మూడేళ్ల వయసుండాలి. అందుకే కొత్త జట్లు ముందు కాలేజీ పేరుతోనో, ఇప్పటికే నడుస్తున్న స్వచ్ఛంద సంస్థ పేరుతోనో అడగడం మేలు.

పత్తి సీజన్ మొదలయ్యాక దరఖాస్తు రాస్తూ కూర్చుంటే ఆ ఏడాది కొలతలు పోయినట్టే. డాక్టరుతో, ఒక మిల్లు కార్మికులతో మాట సెప్టెంబరులోపే అయిపోవాలి.