ఎఫ్/1.8ని ఫుల్‌గా తెరిచి పగలూ రాత్రీ వాడొచ్చా? బతుకమ్మ రాత్రి నాకు తెలిసొచ్చింది

ఎంగిలిపూల బతుకమ్మ రోజు హనుమకొండ వేయి స్తంభాల గుడి దగ్గర నాయనమ్మని ఫొటో తీశా. కెమెరా స్క్రీన్ మీద సూపర్‌గా కనిపించింది. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో జూమ్ చేస్తే తంగేడు రేకులు లెక్కపెట్టొచ్చు, వెనకున్న నాయనమ్మ ముఖం మాత్రం మసక. మళ్లీ తీద్దామంటే బతుకమ్మ అప్పటికే నీళ్లలో కలిసిపోయింది.

నా దగ్గరున్నది కానన్ 1500డి, 50ఎంఎం ఎఫ్/1.8 లెన్స్. కిట్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర ఇచ్చే వెలుతురుకి ఇది దాదాపు పది రెట్లు ఇస్తుంది. అంటే ఐఎస్‌ఓ 6400 పెట్టాల్సిన చోట 640 చాలు. రాత్రి ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే షటర్ 1/200 అయినా ఉండాలి కాబట్టి ఇది చిన్న లాభం కాదు.

చిక్కంతా ఫోకస్‌తోనే. మనిషికి మీటరున్నర దూరంలో నిలబడి ఎఫ్/1.8లో తీస్తే షార్ప్‌గా వచ్చే మందం సుమారు 6 సెంటీమీటర్లే. చేతిలో బతుకమ్మకీ ముఖానికీ మధ్య అడుగు దూరం ఉంటుంది. ఎఫ్/2.8కి మార్చినా 10 సెంటీమీటర్లు దాటదు, పైగా వెలుతురు సగం కంటే తగ్గిపోతుంది. అదే మూడు మీటర్లు వెనక్కి జరిగితే? ఎఫ్/1.8లోనే 25 సెంటీమీటర్లు! దూరం రెట్టింపైతే ఈ మందం నాలుగింతలవుతుంది. కాబట్టి ముందు కాళ్లు కదపండి, తర్వాతే అపర్చర్. ఇంకోటి, ఆటో ఫోకస్‌ని కెమెరాకే వదిలేస్తే దగ్గరున్న పూలనే పట్టుకుంటుంది. సింగిల్ పాయింట్ పెట్టి కంటి మీద ఉంచండి.

పగలు గొడవ వేరు. ఖిలా వరంగల్‌లో మిట్టమధ్యాహ్నం ఐఎస్‌ఓ 100, ఎఫ్/1.8 పెడితే షటర్ దాదాపు 1/8000 కావాలి. నా కెమెరా 1/4000 దగ్గరే ఆగిపోతుంది, ఫొటో తెల్లగా పాలిపోతుంది. ఎన్‌డీ8 ఫిల్టర్ తగిలిస్తే 1/1000కి దిగుతుంది. లేదా నీడలోకి వెళ్లండి, ఫ్రీ. ఆకాశానికి ఎదురుగా కీర్తి తోరణం తీస్తే రాతి అంచుల వెంట ఊదా రంగు గీత కూడా వస్తుంది. అసలు తోరణాన్ని మసక చేసుకుంటే అది వరంగల్ అని ఎవరికి తెలుస్తుంది? అక్కడ నేను ఎఫ్/8 పెడతా.

మరి ఫోన్? చాలా ఫోన్లలో అపర్చర్ మారదు, లెన్స్ ఎప్పుడూ ఫుల్‌గా తెరిచే ఉంటుంది. శాంసంగ్ ఎస్9, షావోమీ 14 అల్ట్రా లాంటివి కొన్నే మినహాయింపు. సెన్సర్ చిన్నది కాబట్టి ఎఫ్/1.8 అని రాసున్నా పూలూ ముఖమూ రెండూ చాలావరకు షార్ప్‌గానే వస్తాయి. ఆ రాత్రి చెల్లి ఫోన్లో తీసిందే ఇప్పుడు మా ఇంట్లో ఫ్రేమ్ కట్టి ఉంది. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం ఆన్ చేయకండి, గునుగు పూల సన్నటి అంచుల్ని కత్తెరతో కోసినట్టు చేస్తుంది.