తనవారిని గురించి తానే రాసేటప్పుడు

శంషాబాదు ఒకనాటి పాయిగా జాగీరు. 2008 మార్చిలో అక్కడ విమానాశ్రయం ప్రారంభమైంది. ఐదు వేల ఎకరాలకు పైగా భూమి దానికే పోయింది. మిగిలిన భూమి ధర పెరిగింది. ఇటువంటి చోట ఆడపిల్లల వారసత్వపు వాటా ప్రశ్నకు బరువెక్కుతుంది.

ఆ ఊరి విద్యార్థి ఒకడు ఈ విషయంపైనే పరిశోధనకు పూనుకున్నాడనుకుందాం. పెళ్ళి దస్తర్‌ఖాన్ దగ్గర ఖాలా తన గోడు వెళ్ళబోసుకుంటుంది: మామూ వాటా ఇవ్వలేదట. ఇతర వారసులు లేని పక్షంలో, నిసా సూరా ప్రకారం ఒక సోదరునికి సగం, ఇద్దరు అక్కచెల్లెళ్ళకు చెరొక నాలుగో వంతు రావాలి. అయితే ఆమె ఆ మాట చెప్పింది అక్క కొడుకుతో, పరిశోధకునితో కాదు. పైగా రెండో నాలుగో వంతు అతని తల్లిదే! పేర్లు మార్చినా ఊరికి ఇల్లు తెలియకపోదు.

1951–52లో ఎస్.సి. దూబే నగరానికి ఉత్తరాన ఉన్న శామీర్‌పేటను పరిశీలించి, 1955లో గ్రంథం వెలువరించారు. ఆయన ఆ ఊరివారు కారు. పని ముగిశాక వెళ్ళిపోగలిగారు. ఈ విద్యార్థి రేపు మళ్ళీ మామూకు సలాం చెప్పాలి.

ఈ చిక్కు హదీసు పండితులు ఎరిగినదే. అలీ ఇబ్నుల్ మదీనీని (మరణం క్రీ.శ. 849) ఆయన తండ్రి గురించి అడిగితే, ఇతరులను అడగమన్నారు. మళ్ళీ అడిగితే తల వంచుకుని, పిదప ఇది ధర్మానికి సంబంధించిన విషయమనీ, తన తండ్రి ఉల్లేఖకునిగా బలహీనుడనీ చెప్పారు. ఆ తటపటాయింపే ఆయన నిజాయితీకి సాక్ష్యం. తండ్రి ఇంటి సంగతులేవీ ఆ జవాబులో లేవు.

ఇమామ్ నవవీ (మరణం 1277) పరోక్షనిందకు అనుమతి గల ఆరు సందర్భాలు పేర్కొన్నారు. ఉల్లేఖకుల విమర్శ వాటిలో ఒకటి. అన్యాయానికి గురైనవారు న్యాయం చేయగల అధికారికి మొరపెట్టుకోవడం మరొకటి. ఆ మొర ఖాలాది. మేనల్లునిగానో కొడుకు వంటివాడిగానో విన్నంత మాత్రాన దానిని అచ్చువేసే హక్కు విద్యార్థికి సంక్రమించదు.

కనుక అతడు మరొక రోజు నోటుపుస్తకంతో వెళ్ళి, ఏం రాస్తున్నాడో చెప్పి, ఆమె అనుమతి అడగాలి. వద్దంటే వదలుకోవాలి, అధ్యాయం పలచబడితే పలచబడనీ. సరేనంటే మామూ వద్దకూ వెళ్ళాలి. తన తల్లికీ ఆ భూమిలో వాటా ఉన్న సంగతి మొదటి పుటలోనే రాయాలి. మామూ ఏదైనా పాత కాగితం చూపితే అదీ చేర్చాలి.